మోకాలి లోతు నీటిలో ఒక రోజు: ఫ్లాట్స్ మీద బోన్‌ఫిష్ వేట

నీటినీడ

అష్టమి వెళ్ళిన మరునాటి ఉదయం, పాటు (సముద్రపు నీరు వెనక్కి తగ్గడం) పూర్తిగా తీసి ఇసుక మేటలు సగం బయటపడి ఉన్న వేళ, నేనూ నాకంటే పాతికేళ్ళు పెద్దవాడైన నా మిత్రుడూ పడవను లోతు కాలువ అంచున లంగరు వేసి నీటిలోకి దిగాము. ఆ రోజు జరిగినదంతా ఇంకా కళ్ళముందే ఉన్నందువల్ల, వివరాలు చెదిరిపోకముందే రాసిపెట్టాలనిపించింది. ఫ్లాట్స్ అని మనం పిలుచుకునే ఈ తీరపు మేటలు ఎంత విశాలమైనవో వాటి మీద నిలిచే నీరు అంత పలుచనిది. పోటు నిండుగా ఉన్నప్పుడు కూడా చాలాచోట్ల మోకాలు దాటదు. పీతలను, రొయ్యలను, చిన్న ఆల్చిప్పలను వెతుక్కుంటూ, లోతులో ఉండే రక్షణను వదులుకొని, బోన్‌ఫిష్ ఆ పలుచని నీటిలోకి వస్తుంది. ఆకలి ముందుకు లాగుతూ, భయం వెనక్కి లాగుతూ ఆ చేప అక్కడ మెసలే కొద్ది గంటలే మనకు చిక్కే సమయం.

మొదటి గంటంతా నేను నడుస్తూనే ఉన్నాను. ఎండ ఇంకా ఏటవాలుగా పడుతున్నందున నీటి పైభాగమంతా తగరపు రేకులా మెరుస్తూ ఉంది, అడుగు కనిపించడం లేదు. నా ముందు పది బారల దూరంలో నీరు ఒక్కసారిగా చీలి, బూడిదరంగు గీత ఒకటి కాలువ వైపు దూసుకుపోయేది; అది పోయిన తరువాతే అక్కడ చేప ఉండేదని నాకు తెలిసేది. ఇలా మూడుసార్లు జరిగింది. మూడోసారి నా మిత్రుడు నా భుజం మీద చెయ్యి వేసి ఆపి, “చేపను వెతకకు, అది కనపడదు. అడుగున ఇసుక మీద కదిలే నీడను వెతుకు. పోటు వాటిని మన దగ్గరికే తెస్తుంది, కాసేపు ఇక్కడే నిలబడు” అన్నాడు. ఆ తరువాత దాదాపు అరగంట సేపు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, నన్ను ఒక్క అడుగు వేయనివ్వలేదు.

తొమ్మిది దాటాక ఎండ మా వీపు వైపుకు వచ్చింది. పోటు నీరు పాదాల దగ్గర నుంచి పిక్కల దాకా ఎక్కుతుంటే, నీటి అడుగున ఇసుక మీద పడిన అలల గీతలు, పీతలు తవ్విన గుంటల పక్కన పోసిన చిన్న చిన్న ఇసుక కుప్పలు ఒక్కొక్కటిగా తేటపడసాగాయి. అప్పుడు ఎడమవైపున ఒక గడ్డిపోచ లాంటిది చూశాను. తెగిన సముద్రపు గడ్డి పోటుతో పాటు కొట్టుకు వస్తుంది. ఇది మాత్రం పోటుకు అడ్డంగా కదిలింది. దాని మీద చూపు నిలిపి ఉంచితే, ఆ నీడకు ఒక చెయ్యి పైన, గాజుతో చేసినట్టున్న ఒక ఆకారం నెమ్మదిగా రూపు కట్టింది. బోన్‌ఫిష్ పక్కల మీది పొలుసులు అద్దాల్లా తమ చుట్టూ ఉన్న రంగునే తిరిగి చూపిస్తాయని చదివి ఉన్నాను, కానీ ఆ మాటకు అర్థం ఆ క్షణం దాకా నాకు తెలియలేదని ఒప్పుకోవాలి.

నా మొదటి విసురు నేరుగా దాని తల మీద పడింది, అంతే, చేప మాయమైంది. మరికొంతసేపటికి వచ్చిన రెండు చేపలకు రెండు బారల ముందుగా ఫ్లై (ఈకలతో కట్టిన కృత్రిమ ఎర) పడేట్టు విసిరి, అది అడుగుకు చేరేదాకా ఆగి, దారాన్ని ఒక జానెడు గుంజాను. ముందున్న చేప చటుక్కున తిరిగి, తల కిందికి వంచింది. దాని తోక కొన నీటి పైకి లేచి తడి వెండిలా మెరిసింది. మంచినీటి చెరువుల్లో అలవాటైన చెయ్యి కాబట్టి రాడ్‌ను పైకెత్తాను, ఫ్లై దాని నోట్లోంచి జారిపోయింది. పదకొండు కావస్తుండగా వచ్చిన ఒంటరి చేపకు మాత్రం రాడ్‌ను కదపకుండా, ఎడమచేత్తో దారాన్ని నిండుగా వెనక్కి లాగాను. బరువు తగిలింది.

ఆ తరువాతి కొద్ది సెకన్లు నాకు మరపురావు. నా కాళ్ళ దగ్గర నీటి మీద తేలుతున్న వదులు దారమంతా పాములా లేచి గైడు రింగుల్లోంచి దూసుకుపోయింది. దారానికీ వెనకనున్న బ్యాకింగ్ అనే అదనపు సన్నదారానికీ మధ్య ముడి రింగులను టకటకమని తాకుతూ బయటికి వెళ్ళడం వేళ్ళకు తెలిసింది. చేప మూడుసార్లు అలా పరుగు తీసి, నా చుట్టూ అర్ధవృత్తాలు తిరిగి, చివరకు చేతికి వచ్చింది. మూతి కొన కింద వెనక్కి జరిగి ఉన్న నోరు, కంటి మీద పారదర్శకమైన జిగట పొర, వీపు మీద ముదురుగా ఉండి చూస్తూ ఉండగానే పలచబడిన అడ్డుచారలు, ఇవన్నీ దగ్గర నుంచి చూశాను. మా దగ్గర కెమెరా సంచి అడుగున ఉండిపోయింది. దాన్ని తీసి, మూత విప్పి, ఫోటో సరిగా రాలేదని రెండోసారి తీసేసరికి, ఆ చేప నా చేతుల్లో గాలిలో అర నిమిషానికి పైగానే ఉండి ఉంటుంది.

నీటిలో వదిలినప్పుడు అది ఒక పక్కకు ఒరిగింది, సర్దుకొంది, మళ్ళీ ఒరిగి, వంకరగా ఈదుకుంటూ వెళ్ళింది. నలభై అడుగుల దూరంలో, మడ చెట్ల అంచు నుంచి, నా చేయంత పొడవున్న పసుపుపచ్చని పిల్ల సొర ఒకటి బయలుదేరింది. నీరు ఒకసారి సుడి తిరిగి, తరువాత మామూలుగా అయిపోయింది. నేను పట్టిన మొదటి బోన్‌ఫిష్ అలా పోయింది. ఆ రోజును నేను మరచిపోలేకపోవడానికి ఆ పరుగు ఎంత కారణమో, ఆ సుడి కూడా అంతే కారణం.

కొత్తగాలం

చాలా శ్రద్ధగా రాశారు, నీటినీడ గారూ. నేను రెండుసార్లు ఫ్లాట్స్ మీద నడిచి, చేపలను చూడలేకనే తిరిగి వచ్చినవాడిని. మీరు నీడ అంటున్నారు, మరికొందరు నీటి మెరుపును అడ్డుకునే పోలరైజ్డ్ కళ్ళద్దాలు ఉంటే చాలు అంటారు. అద్దాలు పెట్టుకున్నా నాకు ఇరవై అడుగుల అవతల మెరుపు తప్ప మరేమీ కనిపించలేదు. లోపం నా కళ్ళలో ఉందా, అద్దాలలో ఉందా, నిలబడిన తీరులో ఉందా?

పోటుపాటు

కొత్తగాలం గారూ, మీ కళ్ళలోనూ లేదు, అద్దాలలోనూ లేదు. నీటి మీద పడి తిరిగివచ్చే వెలుగు ఒక ప్రత్యేక కోణంలో మాత్రమే దాదాపు పూర్తిగా పోలరైజ్ అవుతుంది, అంటే ఒకే తలంలో కంపిస్తుంది; ఈ అద్దాలు ఆపగలిగేది అలాంటి వెలుగునే. నీటి విషయంలో ఆ కోణం నిట్టనిలువు గీత నుంచి సుమారు 53 డిగ్రీలు. నీటిలో నిలబడిన మనిషి కళ్ళు నీటి మట్టానికి మీటరున్నర ఎత్తులో ఉన్నాయనుకుంటే, ఆ కోణం రెండు మీటర్ల దూరంలోనే పడుతుంది. అంటే మీ అద్దాలు మీ కాళ్ళ ముందున్న మెరుపును అద్భుతంగా తుడిచివేస్తాయి, దూరం పెరిగే కొద్దీ చూపు నీటిని మరీ ఏటవాలుగా తాకుతుంది కాబట్టి వాటి పని తగ్గిపోతుంది. పడవ వెనుక భాగాన ఎత్తైన వేదిక కట్టి, దాని మీద నిలబడి గడతో తోసే పద్ధతి ఫ్లాట్స్ మీద ఎందుకు స్థిరపడిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. కన్ను ఎంత ఎత్తున ఉంటే చూపు అంత నిటారుగా నీటిలో దిగుతుంది.

నడిచేవారికి ఉన్న ఉపాయం ఏమిటంటే, ఎండను వీపున ఉంచుకోవడంతో ఆగకుండా, ఎదుట నీటిలో ఏది ప్రతిబింబిస్తున్నదో కూడా గమనించుకోవడం. ఎదురుగా దిగంతంలో తెల్లని మేఘాలు ఉంటే నీరంతా పాలు పోసినట్టు కనిపిస్తుంది. అదే చోట మడ చెట్ల చీకటి వరుస ఉంటే, ఆ నల్లని ప్రతిబింబంలోంచి అడుగు స్పష్టంగా కనిపిస్తుంది. కనుక కొంచెం చుట్టూ తిరిగి అయినా సరే చెట్ల వైపు ముఖం పెట్టి నిలబడటం మంచిది. అద్దాల రంగు సంగతికి వస్తే, ఇసుక మేటల మీద తేనెరంగు, రాగిరంగు అద్దాలు నీలాన్ని అణచి, నీడకూ ఇసుకకూ మధ్య తేడాను పెంచుతాయి. బూడిదరంగు అద్దాలు లోతు సముద్రానికి బాగుంటాయి కానీ ఇక్కడ అంతగా పనికిరావు.

ఇక చేప మనల్ని ఎలా చూస్తుందన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం. వక్రీభవనం వల్ల నీటి లోపలి నుంచి పైకి చూసే చేపకు బయటి లోకమంతా సుమారు 97 డిగ్రీల శంఖువులో, ఒక గుండ్రని కిటికీలో ఇమిడి కనిపిస్తుంది. 30 సెంటీమీటర్ల లోతున ఉన్న చేపకు ఆ కిటికీ వ్యాసం 70 సెంటీమీటర్లకు మించదు. దూరాన నిలబడిన మనిషి నడుము పైభాగం ఆ కిటికీ అంచున నొక్కుకుపోయి, సన్నని మరకలా కనిపిస్తుంది. అందుకే వంగి నిలబడితే మేలు. అయితే మన కాళ్ళు నీటిలోనే ఉన్నాయన్న సంగతి చాలామంది మరచిపోతారు; వాటిని చూడటానికి చేపకు ఏ కిటికీ అవసరం లేదు, తేట నీటిలో సూటిగా చూస్తుంది. పైగా అడుగు వేసినప్పుడు పుట్టే ఒత్తిడి అలను దాని ఒంటి పక్కన ఉండే పక్కరేఖ అనే జ్ఞానేంద్రియం పసిగడుతుంది. మీ మిత్రుడు మిమ్మల్ని అరగంట కదలనివ్వకపోవడం, నీటినీడ గారూ, ఆ రోజు మీకు దక్కిన అన్నిటికంటే విలువైన సాయమని నా అభిప్రాయం.

ఎనిమిదో నంబరు

రాడ్ పైకెత్తడం గురించి ఒక మాట. మంచినీటి ట్రౌట్ ఫ్లైని పైనుంచి అందుకొని కిందికి దిగుతుంది కనుక రాడ్ ఎత్తితే కొక్కెం పెదవికి తగులుతుంది. బోన్‌ఫిష్ ఫ్లైని నేలకు అదిమి లోపలికి పీల్చుకుంటుంది, నోటి లోపల గట్టి పలకల మధ్య నలపడానికి చూస్తుంది. అప్పుడు రాడ్ ఎత్తితే ఫ్లై నేల మీద నుంచి రెండు మూడు అడుగులు ఎగిరిపోతుంది, చేప ఉలిక్కిపడుతుంది. దారాన్ని సూటిగా గుంజితే, ఒకవేళ మొదటిసారి కొక్కెం పట్టకపోయినా, ఫ్లై పారిపోతున్న రొయ్యలాగే జానెడు దూరం కదిలి ఆగుతుంది కాబట్టి చేప తరచుగా రెండోసారి ప్రయత్నిస్తుంది.

నేను వాడేది నా పేరులో ఉన్నదే, ఎనిమిదో నంబరు లైను (నంబరు పెరిగే కొద్దీ విసిరే దారం బరువు పెరుగుతుంది). దాని మొదటి 30 అడుగుల బరువు ప్రమాణం ప్రకారం సుమారు 13.6 గ్రాములు, గాలికి ఎదురుగా విసరడానికి ఆ బరువు కావాలి. ఆరో నంబరుతో పట్టడం గొప్ప అని చెప్పేవారున్నారు. నేను వారితో ఏకీభవించను. లైను, దానికీ ఫ్లైకీ మధ్య కట్టే లీడరు దారం పలుచనైతే చేప అలసట చచ్చేంతగా పెరుగుతుంది, ఆ అలసట ఫలితం ఏమిటో నీటినీడ గారి టపాలోనే ఉంది. 10 నుంచి 12 పౌండ్ల బలమున్న ఫ్లోరోకార్బన్ లీడరు వేసి, రాడ్‌ను నిటారుగా కాకుండా చేప తిరిగే దిక్కుకు వ్యతిరేకంగా పక్కకు వంచి పోరాడితే, ఎంత పెద్ద బోన్‌ఫిష్ అయినా త్వరగానే దారికి వస్తుంది.

ఫ్లై విషయంలో క్రేజీ చార్లీని మించినదాన్ని నేను ఇంతవరకు చూడలేదు. 1977లో బహామాస్‌లోని ఆండ్రోస్ దీవిలో బాబ్ నౌహైమ్ దాన్ని కట్టాడు, అక్కడి గైడు చార్లీ స్మిత్ పేరు మీదుగానే దానికి ఆ పేరు వచ్చింది. దాని తెలివంతా కళ్ళలో ఉంది. కొక్కెం మెడ దగ్గర గొలుసు పూసల జత కట్టడం వల్ల ఆ బరువుకు ఫ్లై తలకిందులై, కొక్కెం మొన ఎప్పుడూ పైకే ఉంటుంది, ఇసుకలో గడ్డికి తగులుకోదు. ఈకలు, రంగులు మార్చి ఎన్ని ఫ్లైలు వచ్చినా, ఆ పూసల ఏర్పాటును మాత్రం అందరూ అలాగే ఉంచుకున్నారు. పలుచని నీటికి తేలిక పూసలు, లోతు పెరిగితే బరువైనవి. నీరు చీలమండ లోతే ఉన్న చోట బరువైన కళ్ళున్న ఫ్లై పడే చప్పుడుకే చేపలు చెదిరిపోతాయి.

మడఅంచు

నీటినీడ గారు దాచకుండా చెప్పారు కనుక నేను కూడా దాచకుండా చెబుతాను. ఆ చేప చావుకు కారణం సొర మాత్రమే కాదు. వదిలిన వెంటనే చేప పక్కకు ఒరగడమే అన్నిటికన్నా చెడ్డ సూచన. బహామాస్‌లోని ఎల్యూథెరా దీవి దగ్గర పట్టి వదిలిన బోన్‌ఫిష్‌లను వెంబడించి చూసిన పరిశోధకులు, నిలకడ కోల్పోయిన చేపలే సొరలకూ బారకుడా అనే వేట చేపలకూ ఎక్కువగా చిక్కాయనీ, గాలిలో ఉంచిన సమయం, చేతుల్లో నలిగిన సమయం పెరిగిన కొద్దీ నిలకడ పోయే ప్రమాదం కూడా పెరిగిందనీ చూపారు. పరుగులన్నీ తీసి కండరాల్లో ఆమ్లం పేరుకున్న చేపకు అన్నిటికంటే అవసరమైనది మొప్పల గుండా నీరు. సరిగ్గా అప్పుడే మనం దాన్ని పైకెత్తుతున్నాము. ఎండాకాలపు నీటిలో కరిగిన ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది కనుక వేడి రోజున ఈ నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది.

నా పద్ధతి ఇది. కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును ముందే పట్కారుతో నొక్కి చదును చేసుకుంటాను. చేప చేతికి వచ్చాక దాన్ని నీటిలోనే ఉంచి, లీడరు వెంట వేళ్ళు జార్చి కొక్కెం వంపును పట్టుకొని వెనక్కి తిప్పితే చాలాసార్లు చేపను ముట్టుకోకుండానే అది ఊడి వస్తుంది. పొడి చేతులతో, చేతి తొడుగులతో పట్టుకుంటే ఒంటి మీద రక్షణగా ఉన్న జిగురు పొర పోతుంది. ఫోటో కావాలనుకుంటే కెమెరా ముందుగానే సిద్ధంగా ఉండాలి, చేప పైకి లేచిన క్షణం నుంచి పది సెకన్లు దాటకూడదు, నీళ్ళు దాని ఒంటి నుంచి కారుతూ ఉండగానే మళ్ళీ నీటిలో ఉండాలి. ఒరిగిన చేపను వదలకూడదు. అది తనంత తాను చేతిలోంచి తన్నుకొని పోయేదాకా తల పోటుకు ఎదురుగా ఉంచి పట్టుకోవాలి. చుట్టుపక్కల సొరలు కనిపిస్తే ఆ మేటను వదిలి ఇంకోచోటికి వెళ్ళడమే న్యాయం. పిల్ల సొరలు పెరిగేది మడ చెట్ల వేళ్ళ మధ్యనే కాబట్టి, చెట్ల అంచున చేపను వదలడం అంటే వాటి ముంగిట్లో వదలడమే.

నీటినీడ

మడఅంచు గారూ, మీరు చెప్పిన ప్రతి మాటా నాకు తగిలింది, అది తగలవలసినదే. ఆ రోజు మధ్యాహ్నం జరిగినది మొదటి టపాలో రాయలేదు, ఇప్పుడు రాస్తాను.

ఆ సుడి చూశాక మేమిద్దరం పడవ దగ్గరికి తిరిగి వెళ్ళి, ఒక గంట పాటు గాలం ముట్టుకోలేదు. పోటు ఒంటిగంట ప్రాంతంలో నిండి, నీరు కదలక నిలిచిపోయింది. నా మిత్రుడు కెమెరాను మళ్ళీ సంచి అడుగున పెట్టేసి, ఫ్లై ముల్లును తన పట్కారుతో నొక్కి నాకు అందించాడు. రెండు దాటాక పాటు మొదలైంది. మేటకు అవతలి వైపున, మడ చెట్లకు చాలా దూరంగా, ఒక వాగు లాంటి పల్లం గుండా నీరు దిగిపోయే చోట ఈసారి నిలబడ్డాము. మేట మీద మేత మేసిన చేపలన్నీ ఆ పల్లం గుండానే లోతుకు తిరిగి వెళ్ళాలి. పాటు సాగిన కాసేపటికి, గాలి లేకపోయినా ఒకచోట నీటి పైభాగం చిన్నగా వణికినట్టు కనిపించింది. గుంపుగా ఈదే చేపలు లోపలి నుంచి నీటిని నెడితే వచ్చే వణుకు అది. పదో పన్నెండో ఉన్నాయి. గుంపు మధ్యలో కాకుండా ముందు నడిచే చేపకు అడ్డంగా విసిరాను, ఆగాను, గుంజాను, దారంతోనే లాగాను.

ఈసారి రాడ్‌ను పక్కకు వంచి, చేప ఎటు తిరిగితే దానికి ఎదురు దిక్కుకు ఒత్తిడి పెడుతూ పోయాను. ఉదయం చేపతో గడిపిన సమయంలో సగం కూడా పట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చొని, నీటిలోనే దాని పెదవి మూలన ఉన్న కొక్కెం వంపును రెండు వేళ్ళతో తిప్పాను. అది ఒక క్షణం నా అరచేతి మీద బరువంతా పెట్టి నిలిచింది, మొప్పలు రెండుసార్లు తెరుచుకుని మూసుకున్నాయి, తోక నా మణికట్టును కొట్టి వెళ్ళిపోయింది. నిటారుగా, నేరుగా వెళ్ళింది. ఆ చేప ఫోటో లేదు.

గడ్డిమేట

ఈ చర్చ అంతా శ్రద్ధగా చదివాను. నాకు ఒక అభ్యంతరం ఉంది. చేపను తినడానికి కాకుండా, పట్టి వదలడం కోసమే దాన్ని ఇంత బాధ పెట్టడం సబబేనా? పైగా మనం నడిచే మేటలు, పడవలు తిప్పే గడ్డి నేలలు కేవలం మన ఆటకోసం ఉన్నవి కావు. మోటారు రెక్క తగిలి తెగిన సముద్రపు గడ్డి వేళ్ళు మళ్ళీ అల్లుకోవడానికి ఏళ్ళు పడుతుంది. పైనుంచి చూస్తే కొన్ని ఫ్లాట్స్ మీద ఆ గీతలు నాగటి చాళ్ళలా కనిపిస్తాయి. ఆ గడ్డిలోనే రొయ్య, పీత పెరుగుతాయి. అవి లేని చోటికి బోన్‌ఫిష్ రాదు.

పోటుపాటు

గడ్డిమేట గారి రెండో మాటతో ఎవరూ వాదించలేరు. ఫ్లాట్ అంచు రాగానే మోటారు ఆపి పైకెత్తి, గడతో తోసుకుంటూ వెళ్ళడం ప్రతి పడవకూ తప్పనిసరి నియమం కావాలి.

మొదటి ప్రశ్న కష్టమైనది, దానికి నా దగ్గర ఉన్నది పాక్షికమైన సమాధానమే. బోన్‌ఫిష్‌కు ప్రాణంతో ఉన్నప్పుడు విలువ ఉండటం వల్లనే కొన్నిచోట్ల దానికి రక్షణ దొరికింది. ఫ్లోరిడాలో 2013 నుంచి పట్టిన ప్రతి బోన్‌ఫిష్‌నూ వదిలివేయాలన్నది చట్టం. బహామాస్ పది సెంట్ల నాణెం మీద రెండు బోన్‌ఫిష్‌లు ఉన్నాయంటే, ఆ దీవుల బతుకుతెరువులో ఆ చేప స్థానం ఏమిటో తెలుస్తుంది. ఈ వేటకు దారి చూపి బతికే అక్కడి గైడులే మేటలకు కాపలాదారులయ్యారు. మడ అడవి నరికితే, గడ్డి పోతే మొదట గొంతెత్తేది వారే.

అయితే పట్టి వదిలే వేటకు కూడా మనమే గీసుకోవలసిన హద్దులు ఉన్నాయి. అట్లాంటిక్ పడమటి తీరాల్లో బోన్‌ఫిష్ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, పౌర్ణమి, అమావాస్యల చుట్టూ, వేల సంఖ్యలో తీరానికి దగ్గరగా గుమికూడి, నీటి పైకి వచ్చి గాలి గుటకలు మింగి, చీకటి పడ్డాక లోతు సముద్రానికి వెళ్ళి గుడ్లు విడుస్తుంది. ఆ గుమికూడిన చేపల మీద గాలం వేయడం నా దృష్టిలో తప్పు. ఆ గుడ్ల నుంచి వచ్చే పిల్లలు మొదట చేపల్లా ఉండవు. ఈల్ చేపల పిల్లల్లాగే సన్నని గాజు రిబ్బన్లలా ఉండి, 41 నుంచి 71 రోజుల దాకా ప్రవాహాల్లో కొట్టుకుపోయి, ఆ తరువాతే ఏదో ఒక తీరపు పలుచని నీటికి చేరి చేప ఆకారం పొందుతాయి. ఒక మేట మీద మనం చూసే చేప పుట్టింది వేరే దేశపు జలాల్లో అయి ఉండవచ్చు. ఒకచోట గుడ్లు పెట్టే గుంపును చెదరగొడితే నష్టపోయేది ఏ తీరమో చెప్పలేము.

గడ్డిమేట

కృతజ్ఞతలు. గుడ్లు పెట్టే రోజుల్లో గాలం వేయరాదన్న మాట మీరే అన్నారు కాబట్టి, నా అభ్యంతరంలో సగం తీరింది. మిగతా సగం నాకు అలాగే ఉంటుంది, దాన్ని ఉండనివ్వండి.

కొత్తగాలం

మరో రెండు చిన్న సందేహాలు. నీటిలో నడిచేటప్పుడు ఇసుకలో కప్పుకొని ఉండే స్టింగ్రేల (తోకలో విషపు ముల్లు ఉండే చదునైన చేపల) సంగతి ఏమిటి? ఇంకొకటి, పోటు వేళల పట్టిక చూసి ఏ గంటకు దిగాలో ఎలా నిర్ణయించుకుంటారు?

ఎనిమిదో నంబరు

పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవాలి. దాని రెక్కకు మీ పాదం మెల్లగా తగిలితే అది లేచి వెళ్ళిపోతుంది, పైనుంచి తొక్కితేనే తోకతో పొడుస్తుంది. పొడిస్తే, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, అంటే సుమారు 45 డిగ్రీల దాకా, గాయాన్ని అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచితే విషం వల్ల కలిగే నొప్పి తగ్గుతుంది. ముల్లు ముక్క లోపల విరిగి ఉండవచ్చు కనుక ఆ తరువాత వైద్యుడి దగ్గరికి తప్పక వెళ్ళాలి. అడిగారు కాబట్టి ఇంకొకటి కూడా చెబుతాను. దూరాన ఉరుము వినిపించగానే వేట ఆపేయండి. చదునైన నీటి మధ్యన తొమ్మిది అడుగుల కార్బన్ రాడ్ పట్టుకొని నిలబడిన మనిషి కంటే ఎత్తైనది ఆ మేట మీద మరొకటి ఉండదు, కార్బన్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది.

నీటినీడ

పోటు వేళ గురించి నా మిత్రుడు నేర్పిన లెక్క చెబుతాను. చాలా తీరాల్లో పాటు నుంచి పోటుకు సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ ఆరు గంటల్లో నీరు ఒకే వేగంతో ఎక్కదు. మొత్తం ఎక్కే నీటిని పన్నెండు వంతులు చేస్తే, మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, చివరి గంటలో మళ్ళీ ఒకటి చొప్పున ఎక్కుతుంది. సగం నీరు మధ్య రెండు గంటల్లోనే వచ్చేస్తుందన్నమాట. నేను దిగేది రెండో గంట చివర. అప్పటికి మేట మీద చీలమండ లోతు నీరు ఉంటుంది, చేపలు లోతు అంచున ఎదురుచూస్తూ ఉంటాయి, ఆ తరువాతి రెండు గంటల్లో నీటితో పాటే ఎక్కి వస్తాయి. పౌర్ణమి, అమావాస్యలకు పోటు పెద్దది కావడంతో చేపలు త్వరగా మేట దాటి మడ చెట్ల వేళ్ళ మధ్యకు వెళ్ళిపోతాయి, అక్కడ మనం గాలం వేయలేము. అష్టమి చుట్టూ ఉండే చిన్న పోట్లలో అవి మేట మీదే ఎక్కువసేపు మెసలుతాయి. మరుసటి రోజు అదే దశ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని గుర్తుంచుకుంటే చాలు. పట్టికలోని వేళ రేవుకు సంబంధించినది, లోపలి మేటలకు నీరు చేరడానికి ఇంకా సమయం పడుతుంది కనుక మీరు వెళ్ళే చోట ఒక రోజు గాలం లేకుండా నిలబడి, నీరు ఎప్పుడు ఏ గుర్తు దాటుతుందో రాసుకోండి.

వచ్చే అష్టమికి మళ్ళీ అక్కడికే వెళ్తున్నాము. కొత్తగాలం గారు కూడా రావాలనుకుంటే పడవలో చోటు ఉంది. ముల్లు నొక్కిన ఫ్లైలు నేను తెస్తాను, మీరు తేనెరంగు అద్దాలు తెచ్చుకోండి. మొదటి అరగంట ముగ్గురమూ కదలకుండా నిలబడదాము.